మాలో లేదండి

హైటెక్ సిటీ మాట ఎక్కడ వచ్చినా మావారు ఒక కథ చెబుతారు. చుట్టాలకి చెబుతారు, ఆఫీసు స్నేహితులకి చెబుతారు, గ్యాస్ స్టవ్ బాగుచేయడానికి వచ్చినవాడికి కూడా చెప్పారు. "మేం మదీనాగూడలో అద్దెకున్నప్పుడు కింద ఇంటివాళ్ళ అమ్మాయికి రెండో పెళ్ళి కుదిరిందండీ. ఈలోగా మాదాపూర్‌లో బండలు పేల్చడం మొదలెట్టారు, భూములకి రేట్లొచ్చాయి, వాళ్ళకి టెక్కొచ్చింది, పెళ్ళి ఆపేశారు. పాపం ఆ పిల్ల." అక్కడ ఒక నిట్టూర్పు. వినేవాళ్ళు తలూపుతారు. డబ్బు మనుషుల్ని పాడుచేస్తుందనే మాట ఎవరికైనా వినడానికి సుఖంగానే ఉంటుంది, ఆ డబ్బు తమది కానప్పుడు.

నేను ఒప్పుకోను. ప్రతిసారీ అడ్డుపడతాను. పెళ్ళి ఆగింది శ్రావణంలో. వాళ్ళ పొలం గట్టు మీదికి మొదటి బ్రోకరు కారు వచ్చింది మరుసటి ఏడు ఎండాకాలంలో. అప్పటికి వాళ్ళు ఒక్క గుంట భూమి అమ్మలేదు. రేటు రాకముందే టెక్కెలా వస్తుందండీ? ఇలా అడిగితే మావారు నవ్వి, "మా ఆవిడ లెక్చరరు" అని వచ్చినవాళ్ళకి పరిచయం చేస్తారు. జీవితమంతా వాదించిన ఆడదాని గతి ఇది. నిజం చెప్పినా వాదన కిందే జమకడతారు.

ఆ పెళ్ళిని ఆపింది భూమి కాదు. నేను ఆపాను. రెండు మాటలతో ఆపాను. అవి కూడా మర్యాదగా, చివర 'అండి' చేర్చి.

తొంభై ఏడులో మేము ఆ ఇంట్లోకి దిగాం. బొంబాయి రోడ్డు మీంచి ఒక సందు లోపలికి. కింద ఇంటివాళ్ళు. పైన మావారు, మా అత్తగారు, నేను. వాకిట్లోంచే పైకి మెట్లు. మెట్ల పక్కన కొట్టంలో రెండు బర్రెలు. "బర్రెలేమిటి, గేదెలనాలి" అని మా అత్తగారు మొదటి వారంలోనే సరిచేశారు. "మా బర్రెకు తెల్వదు గద పెద్దమ్మా, అది గేదె అని" అంది ఇంటావిడ. నాకు ఆవిడ అక్కడే నచ్చింది.

నా ఈడు మనిషి. సందు లోపల నిలబడి రోడ్డు మీద బస్సును ఆపగల గొంతు. ఆవిడ భర్త సొంత ట్రాక్టరు మీద మాదాపూర్ పనులకి కంకర తోలేవాడు. పొద్దున పోతే పొద్దుగూకి తెల్లటి దుమ్ము మనిషై వచ్చేవాడు. ఆ ఇంట్లో మూడో మనిషి ఆయన చెల్లెలు. ఇరవై ఏడేళ్ళుంటాయేమో. నాలుగేళ్ళ కిందట ఆమె మొగుణ్ణి బొంబాయి రోడ్డు మీదే లారీ కొట్టేసింది. పిల్లల్లేరు. అన్న తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. బర్రెల పని, పాలు పోసే పని ఆమెదే. రంగు చీరలే కట్టేది, తలలో పువ్వు మాత్రం పెట్టేది కాదు. ఏడో తరగతి వరకు చదివింది. "ఎనిమిదికి పోదునక్కా, పెండ్లి అడ్డమొచ్చింది" అనేది.

నేను శేరిలింగంపల్లి వైపు ఒక ప్రైవేటు ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పేదాన్ని. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఒక పాతకాలపు విదేశీ ప్రొఫెసరుగారి సిద్ధాంతం. సమాజాన్ని గురించి ఒక శాస్త్రం ఉండొచ్చునని జనం అప్పుడప్పుడే ఒప్పుకుంటున్న రోజుల మనిషాయన. ఆయన చెప్పేది ఇంత. తప్పొప్పులు ముందు పుట్టలేదు, పద్ధతి ముందు పుట్టింది. మనుషులు అవసరం కొద్దీ ఒక పని చేస్తారు. పదిమందీ పదిసార్లు చేస్తే అది ఆచారం. ఆ తర్వాత ఆచారం తలపాగా చుట్టుకుని అరుగు మీద కూర్చుని, నన్నే నీతి అంటారు అని చెబుతుంది. దీనికి పెళ్ళిని మించిన సాక్ష్యం లేదు. ఒకచోట ఒక మగాడికి నలుగురు పెళ్ళాలు, ఒకచోట మొగుడు పోతే మరిదికి ఇవ్వడం, ఒకచోట గుండు గీయించి మూల కూర్చోబెట్టడం, ఒకచోట కొత్త చీర పెట్టి ఇంకొకరి ఇంటికి పంపడం. ప్రతివాళ్ళూ తమది సంసారమనుకుంటారు, పక్కవాళ్ళది సిగ్గులేనితనం అనుకుంటారు. ఆచారం తలుచుకుంటే దేన్నైనా ఒప్పు చేయగలదు, దేన్నైనా తప్పు చేయగలదు.

నాలాంటిదానికి ఇది ఎంత పనికొచ్చే సిద్ధాంతమో చెప్పలేను. మడి గురించి మా అత్తగారితో, జీతం గురించి మావారితో, చీర రంగు గురించి ప్రిన్సిపాలుతో, ఎక్కడైనా వాడొచ్చు. ఎవరి తప్పొప్పులు వాళ్ళవే అయినప్పుడు నన్ను సరిదిద్దే హక్కు ఎవరికుంది?

పొద్దున్నే కాలేజీకి వెళ్ళే ముందు పై మెట్టు మీద నిలబడి ఆ రోజు పాఠం పైకి ఒకసారి చెప్పుకోవడం నాకలవాటు. ఎదురింటి గోడే నా నల్లబల్ల. కింది మెట్టు మీద ఆ పిల్ల బియ్యం ఏరుతూనో కూర తుంచుతూనో కూర్చుని వినేది.

"అయితే అక్కా, గా సారు తప్పనేదే లేదంటుండా?"

"ఉంది. ఎక్కడి తప్పు అక్కడిది. మా తప్పు మీకు తప్పు కాదు, మీ తప్పు మాకు తప్పు కాదు."

"మంచిగున్నది. మా వదినెది పటాన్‌చెరు దిక్కు, మాది గీడనే. ఆమె తప్పన్నయన్ని నాకు తప్పులు గావు."

"నాకు ఇనపడుతున్నదే పిల్లా!" లోపల్నించి ఇంటావిడ.

"ఇనాలనే అంటున్న వదినె!"

నా క్లాసులో అమ్మాయిలు ఆ పాఠాన్ని పది మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టేవాళ్ళు. మెట్టు మీద ఉన్న ఈ పిల్ల మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, చింతపండు పిసికినట్టు పిసికి, గింజ ఎక్కడుందో చూసేది. ఒకరోజు అడిగింది. "అక్కా, పద్ధతులు మారుతయి గదా. మా నాయినమ్మ దినాలల్ల ఒకటుండె, గిప్పుడు ఒకటున్నది. మారేటప్పుడు నడుమ దొరికినోళ్లకు ఏ పద్ధతి?"

నేను గడియారం చూసుకున్నాను. "అది సిలబస్‌లో లేదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ ఏడు ఎండలు పోయేటప్పటికి ఒక మేస్త్రీ ఆ ఇంటికి రావడం మొదలైంది. ప్రగతి నగర్ వైపు మనిషి, వాళ్ళ కులమే. మాదాపూర్‌లో లేస్తున్న గుండ్రటి బిల్డింగు దగ్గర తాపీ పని. భార్య పోయి రెండేళ్ళు. ట్రాక్టరు కిరాయి మాట్లాడటానికి వచ్చి, మజ్జిగ తాగి, గోళ్ళలో సిమెంటు పుల్లతో తీసుకుంటూ కూర్చునేవాడు. మూడోసారి వచ్చినప్పుడు చేతులు శుభ్రంగా ఉన్నాయి. "ఇగ మాట్లాడుడు కిరాయి గురించి గాదు" అని ఇంటావిడ నాతో గుసగుసగా అంది. ఆవిడ గుసగుస సందు చివరికి వినిపించింది.

వాళ్ళ పద్ధతి ఆవిడే చెప్పింది నాకు. నేను నోటుబుక్కు తెచ్చుకుని కూర్చుని మరీ రాసుకున్నాను. "మా దాంట్ల మగడు వోయిన పడుచుపిల్లను ఇంట్ల కూసోవెట్టుకోం మేడం. మారుమనువు ఇస్తం. డప్పుండది, పందిరుండది. మొగోడు పెద్దమనుషుల తోటి చీర పంపుతడు. పిల్లకు ఇష్టముంటే మడత విప్పుతది. ఇష్టం లేకుంటే మడత విప్పకుండ వాపసు పంపాలె. ఇష్టమైతే మంచి దినం చూసి ఐదుగురు కూసుంటరు, గా చీరనే కట్టుకుంటది, పుస్తె కడతడు, కల్లు తాగుతరు. అయిపాయె."

"పిల్ల ఇష్టమేనా అడుగుతారు?"

"అడుగుడెందుకు? మడతనే చెప్తది."

ఆషాఢం వెళ్ళే లోపు చీర వచ్చింది. ఆకుపచ్చ నేత చీర, కుంకుమరంగు అంచు. కాగితం పట్టీ వేసి నాలుగు పలకలుగా మడిచి ఉంది. వదిన దాన్ని పెట్టెలో పెట్టి, తాళం మాత్రం వేయలేదు. "ఎప్పుడు విప్పుతవే పిల్లా?" అని ఏడిపించేది. "నాకేం తొందర? శ్రావణం వోనీ" అనేది ఆ పిల్ల. కానీ పాలు పోసి తిరిగొచ్చేటప్పుడు ఆమె నడక మారిందని నేను మెట్ల మీంచి చూశాను. ఖాళీ పాల బకెట్టు ఊపుకుంటూ వచ్చేది.

శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటం. ఇంటావిడని పిలవాలని నేను మా అత్తగారితో వారం రోజులు పోట్లాడాను. "వాళ్ళ అలవాట్లు వేరు" అన్నారావిడ. "అలవాట్లు అందరివీ వేరే" అని పాఠం అందుకున్నాను. చివరికి గెలిచాను. ఇంటావిడ పట్టుచీర కట్టుకుని, కాళ్ళకి పసుపు రాయించుకుని, మా కోస్తా ఆడవాళ్ళ మధ్య బిగుసుకుపోయి కూర్చుంది. అంత గొంతు మనిషి ఆ రోజు మెల్లగా మాట్లాడింది. మా సందులోని ఇంజనీరుగారి భార్య మర్యాదకే అడిగింది: "మీ ఆడబిడ్డగారు రాలేదేమండీ?"

"మగడు వోయిన పిల్ల గదమ్మా, పేరంటానికి ఎట్లొస్తది? వచ్చే శ్రావణానికి వస్తది తియ్యుండ్రి. దాన్ని ఇస్తున్నం."

"ఇవ్వడమంటే?"

"మారుమనువు. మేస్త్రీ. మస్తు మంచోడు."

ఇంజనీరుగారి భార్య చెయ్యి తనకి తెలీకుండానే మంగళసూత్రాల మీదికి పోయింది. "మళ్ళీ పెళ్ళా!" అంది. మా అత్తగారు "రామ రామ" అని కళ్ళు మూసుకున్నారు. ఇంటావిడ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి నా మొహం దగ్గర ఆగింది. తనని అక్కడికి పిలిచింది నేను, కాబట్టి నన్నే అడిగింది.

"ఏంది మేడం? మీల లేదా?"

నా చేతిలో శనగల పళ్ళెం ఉంది.

"మాలో లేదండి" అన్నాను.

దాని వెనక రెండో వాక్యం ఉంది. 'మీలో ఉంది, అదీ మంచి పద్ధతే.' ఆ వారంలో క్లాసులో మూడుసార్లు చెప్పిన వాక్యం. మెట్ల మీద ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అది నా నాలిక మీద ఉంది. నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను అడిగినప్పుడల్లా ఒక్కో సాకు దొరుకుతుంది. ఎవరో తాంబూలానికి తొందరపడ్డారు. నేను అడిగినదానికి జవాబు మాత్రమే చెప్పాను, తీర్పు చెప్పలేదు. పాఠం చెప్పడానికి అది క్లాసా? అన్నీ దండగ సాకులు. అసలు సంగతి ఏమిటంటే, ఆ మాట అన్న క్షణంలో మా అత్తగారు కళ్ళు తెరిచి నావైపు చూశారు. పెళ్ళైన పన్నెండేళ్ళలో మొదటిసారి ఆవిడ చూపులో నేను సొంత మనిషినయ్యాను. అది ఇంత వెచ్చగా ఉంటుందని నాకు తెలీదు. ఆ వెచ్చదనంలో ఇంకొంచెం సేపు ఉండాలనిపించింది. ఉన్నాను.

ఇంకా ఘోరం, అది నిజం కూడా కాదు. మాలో ఉంది. మా అమ్మ చెల్లెలు, నా సొంత పిన్ని, పంతొమ్మిదేళ్ళకి భర్త పోయి, టీచరు ట్రైనింగు చదివి, తనతో పనిచేసే ఆయన్ని రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంది. మా అమ్మమ్మ గోడ మీది పటంలోంచి ఆవిడ ఫొటో తీసేసింది. ఎవరైనా అడిగితే "నాగపూర్‌లో ఉంది" అనేవారు. నాగపూర్ అంటే మాట్లాడకూడని మనుషులు ఉండే ఊరు కాబోలని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నేను ఎమ్మే పాసైనప్పుడు ఆవిడ నాకు ఒక ఉత్తరం రాసింది. జవాబు తర్వాత రాద్దామనుకున్నాను. ఉన్న మనిషిని లేదు లేదంటూ వస్తేనే 'మాలో లేదు' తయారవుతుంది. ఈ సంగతి ఆ ప్రొఫెసరుగారు రాశారో లేదో నాకు గుర్తులేదు.

ఇంటావిడ తాంబూలం కొంగులో కట్టుకుని, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగింది. కింది మెట్టు మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. వదిన దిగడానికి జరిగి దారిచ్చింది. పైకి చూడలేదు.

పది రోజులకి ఇంటావిడ పైకి వచ్చింది. గొంతు మళ్ళీ పెద్దదైంది. "మా ఇంట్ల గూడ బంద్ పెట్టినం మేడం."

"ఏమిటి?"

"మారుమనువు. చీర వాపసు పంపినం. ఇగ మేం గూడ మీ లెక్కనే ఉంటం."

అప్పుడు మొదలుపెట్టాను వాదించడం. మీ పద్ధతే మంచిదన్నాను. ఆ పిల్ల జీవితమన్నాను. మా పద్ధతిలో ఎంత క్రూరత్వముందో చెప్పాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాదించలేదు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నది.

"రోజూ మెట్ల మీద నిలవడి మీరే గద మేడం చెప్పేది? ఎవల పద్ధతి వాళ్లకు రైటని. ఇనీ ఇనీ పాఠం నాకు గూడ వచ్చింది. ఇగ మా పద్ధతి గిది."



వాళ్ళాయన్ని వాకిట్లో పట్టుకుని అడిగాను. ఆయన ట్రాక్టరు టైరు మట్టి గీకుతూ, తలెత్తకుండా, "ఆడోళ్ల ముచ్చట, నాకేమెర్కనమ్మా" అన్నాడు. తర్వాత తనే చెప్పాడు. చీర తీసుకుని మాదాపూర్ పోయింది తనే. మేస్త్రీ దాన్ని ముట్టుకోలేదట. మడత విప్పలేదు గదా అని అడిగాడట. లేదని ఈయన చెబితే, "అయితే వాపసు ఎందుకు, ఉండనీ. ఎన్నడన్న విప్పితే కబురు చెయ్యి" అన్నాడట. చీర మళ్ళీ ట్రాక్టరు మీదే ఇంటికి వచ్చి, అదే పెట్టెలోకి చేరింది.

ఆ పిల్ల మెట్ల మీద కూర్చోవడం మానేసింది. నేను 'మేడం' అయిపోయాను. నేను కూడా పాఠం పైకి చెప్పుకోవడం మానేశాను.

బతుకమ్మ పండగ వచ్చింది. ఆ ఇంట్లో బతుకమ్మ పేర్చడం ఎప్పుడూ ఆమె పనే. మాదాపూర్ గుట్టల దాకా అన్న ట్రాక్టరు మీద పోయి, పేల్చగా మిగిలిన బండల సందుల్లోంచి గునుగు పువ్వు కోసుకొచ్చి, కట్టలు కట్టి రంగుల్లో ముంచి ఆరబెట్టింది. తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చింది. పైన పెట్టే పసుపు గౌరమ్మని చేయబోతే వదిన పసుపు గిన్నె పక్కకి జరిపింది. "నువ్వు ఊకో. నేను చేస్త." నాలుగేళ్ళుగా ఆ పిల్ల చేసిన గౌరమ్మకి ఆ ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆమె చేతులు కాసేపు గాలిలోనే ఉన్నాయి. తర్వాత కొంగుకి తుడుచుకుంది, అంటని పసుపుని. ఆడవాళ్ళందరూ బతుకమ్మలెత్తుకుని చెరువుకి పోతుంటే ఆమె గేటు దగ్గర ఆగిపోయింది. నేనూ మేడ మీదే ఉన్నాను.

"నువ్వు వెళ్ళవా?" అన్నాను పైనుంచి.

"మీల పోతరా మేడం?" అంది.

అది నిజంగా అడిగిందో, నా మాటే నాకు తిప్పికొట్టిందో ఇవాళ్టికీ తేల్చుకోలేదు. నాకు తెలిసి ఆమె నోట్లో అంత విషం ఎప్పుడూ లేదు.

పిన్ని సంగతి చెప్పేస్తే 'మాలో లేదు' అనే గోడ కూలిపోతుందని నాకు శ్రావణంలోనే తెలుసు. చెప్పడానికి కార్తీకం దాకా పట్టింది. మా అత్తగారు గుడికి వెళ్ళిన పూట చూసుకుని కిందికి దిగాను. ఇంటావిడ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. మొత్తం చెప్పాను. ఫొటో తీసేయడం, నాగపూర్, జవాబు రాయని ఉత్తరం. ఆవిడ చేతులు ఆగాయి.

"సొంత పిన్నా?"

"సొంత పిన్నే."

"ఉన్నదా ఇంక?"

"ఉంది. ఆయనా ఉన్నాడు. ఇద్దరు పిల్లలు."

ఆవిడ ఇంకో చిక్కుడుకాయ తీసి ఈనె లాగింది. "గిప్పుడు చెప్తే ఏం లాభం మేడం? మేస్త్రీ దీపావళి ముంగట చేస్కున్నడు. సంగారెడ్డి దిక్కు పిల్ల." తర్వాత తల ఎత్తింది. కళ్ళలో కోపం లేదు, అదే నాకు కష్టమైంది. "గానాడే గా ఒక్క ముచ్చట అనకపోతిరి? అందరిల్ల మిమ్ముల అడిగితి. చదువుకున్నామె గదా అని అడిగితి."

గోడ అవతల కొట్టంలో పాలు పితుకుతున్న చప్పుడు ఆ సంభాషణంతా వినిపిస్తూనే ఉంది. మేస్త్రీ పెళ్ళి మాట దగ్గర ఆగింది. మళ్ళీ మొదలైంది.

తొంభై తొమ్మిది మొదట్లో మేము ఆ ఇల్లు ఖాళీ చేశాం. మా కాలేజీలో సోషియాలజీ తీసేసి కంప్యూటర్లు పెట్టారు. ఎవరినీ తప్పుపట్టలేను, క్లాసులో అప్పటికే సగం బల్లలు ఖాళీ. సామాను లారీకి ఎక్కిస్తున్నప్పుడు ఆ పిల్ల వచ్చి, అడక్కుండానే నా పుస్తకాల పెట్టెలు దింపింది. ఏడాదిన్నరలో ఎంత చిక్కిందో అప్పుడు చూశాను. అన్నీ అయ్యాక, న్యూస్‌పేపర్లో చుట్టి పురికొసతో కట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది.

"గిది నీ దగ్గర ఉండనీ అక్కా. ఇంట్ల ఉంటే వదినె పెట్టె తెరిచినప్పుడల్ల పరేషాన్ అవుతున్నది."

అక్కా అంది. నేను ఏదో అనబోయాను. లారీవాడు హారన్ కొట్టాడు.

"కట్టుకో. మీల గిసొంటియి కడతరో కట్టరో గని" అని నవ్వి, బర్రెల దగ్గరికి వెళ్ళిపోయింది.

కొత్త ఫ్లాట్‌లో ఆ పొట్లాన్ని బీరువా పై అరలో వెనక్కి తోసేశాను. విప్పలేదు. అదేమిటో నాకు తెలుసు కదా, విప్పి చూసేదేముంది అనుకున్నాను. వెళ్ళి కలవాలని ప్రతి నెలా అనుకున్నాను. శ్రావణం వచ్చింది, పోయింది. ఆ ఏడాది నేను పేరంటం పెట్టలేదు.

దసరా తర్వాత ఒకరోజు కూరగాయల బజారులో ఎవరో బేరమాడుతుంటే ఆ గొంతు గుర్తుపట్టాను. తిరిగి చూస్తే ఇంటావిడ. నన్ను చూసి సంచి కింద పెట్టింది.

"పోయింది మేడం" అంది. ఎవరని నేను అడగలేదు. "పచ్చకామెర్లు. ఆకుమందు పోయించినం. తగ్గుతదనుకున్నం. ముందుగాల చెప్పనే లేదు ముండ, బర్రెల కాడ పడిపోతే గప్పుడు ఎర్కైంది. దవాఖానకు తీస్కపోయినం గని, ఆలస్యమైపాయె." ఆ పెద్ద గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. చుట్టూ టమాటాల వాళ్ళు అరుస్తున్నారు.

"బతికున్నన్ని దినాలు చెయ్యని పని పొయ్యినంకన్న చేద్దామనుకున్న మేడం. గా మేస్త్రీ చీర దాని మీద కప్పుదామని. ఇల్లంత దేవులాడినం. పెట్టె బోర్లించినం. బర్రెల కొట్టంల గూడ చూసినం. దొరకలె. కట్టని చీర, కొత్తది. మడత గూడ విప్పలె. ఏడ పెట్టిందో ఏమో."

నా బీరువా పై అరలో ఉంది. నేను చెప్పలేదు.

రెండోసారి కూడా చెప్పలేదు. ఇది మావారికి కూడా తెలీదు. మొదటిసారి సాకులైనా ఉన్నాయి, ఈసారి ఏ సాకూ వెతకలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, అంతే. "మీరు మంచోళ్లు మేడం, మీరొక్కరే దాని దిక్కు మాట్లాడిండ్రు" అంది ఆవిడ. సంచి ఎత్తుకుని పోయింది.

ఇంటికొచ్చి స్టూలు వేసుకుని పొట్లం దించాను. పురికొస కత్తిరించాను. ఆకుపచ్చ నేత చీర, కుంకుమరంగు అంచు. నాలుగు పలకల మడత. కానీ కాగితం పట్టీ లేదు. కొంగు మూలన గోరంత పసుపు. కొత్త చీర కట్టుకునే ముందు అందరం పెట్టుకుంటామే, అలా. మంచం మీద పరిచి చూశాను. నడుమ దగ్గర వరసగా, జానెడు వెడల్పున, నిలువు గీతలు. కుచ్చిళ్ళ గీతలు. ఎవరో ఆ చీర ఒకసారి కట్టుకున్నారు. శ్రద్ధగా కుచ్చిళ్ళు పోసుకుని కట్టుకున్నారు. తర్వాత విప్పి, మొదటి మడతలోకే మళ్ళీ మడిచిపెట్టారు.

మడతనే చెప్తది అంది వాళ్ళ వదిన. వాళ్ళ పద్ధతిలో ఆ పిల్ల ఔనంది. చీర వాపసు పోయినప్పుడు మడత విప్పలేదని అన్న చెప్పాడు. మేస్త్రీ నమ్మాడు. కబురు కోసం దీపావళి దాకా ఆగాడు.

నేను ఆ ప్రొఫెసరుగారి పుస్తకం మళ్ళీ తిరగేశాను. పెళ్ళి గురించి ఆయనకి తెలియని దేశం లేదు. ఈ సంగతి మాత్రం ఏ పేజీలోనూ లేదు. చెప్పగలిగినది ఒక్కతే, ఆమె లేదు. అయినా చీర బయటికి తీసినప్పుడల్లా అడుగుతూనే ఉంటాను. మెట్టు మీద కూర్చుని నన్ను అన్ని ప్రశ్నలు అడిగావు కదా, నాది ఒక్కటే ప్రశ్న. ఈ చీర నువ్వెప్పుడు కట్టుకున్నావే పిల్లా? నేను ఆ మాట అన్న శుక్రవారానికి ముందా, తర్వాతా?